నీవాడైతే ఒక్క పద్యం చదువు

నాకు డెబ్బై తొమ్మిది నిండాయి. నిజామాబాద్ సాహిత్య మిత్రులు వచ్చి, ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పారు కదా, జీవితంలో మీరు నేర్చుకున్న పాఠాలు రాసివ్వండి సార్ అన్నారు. కూర్చుని లెక్కేసుకుంటే వింతగా ఉంది. జీతం తీసుకున్నది తెలుగు వ్యాకరణం చెప్పి. బుద్ధి తెచ్చుకున్నది మాత్రం ఎక్కువగా ఒక కన్నడ కవి దగ్గర. వెయ్యేళ్ల కిందటి పంపకవి. ఆయన్ను వెతుక్కుంటూ తిరిగిన తిరుగుళ్లలో, పడ్డ తిప్పల్లో తెలిసినవే ఇవన్నీ. వరసగా అంకెలైతే వేశాను గానీ, వరసలో మాత్రం తెలియలేదు.

1. పాకం చూసేవాడి పక్కన కూర్చోవాలి

మా నాయన బోధన్ షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నౌకరు. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాక, ఆ ఆయకట్టు చెరుకును నమ్ముకుని 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. జానకంపేట మీదుగా రైలు, కాటా ముందు మైలు పొడవున చెరుకు బండ్లు, సీజన్ నడిచినన్నాళ్లు ఊరంతా మడ్డి వాసన. మా క్వార్టర్ల వరసలో ఒకింట మరాఠీ, ఒకింట ఉర్దూ, ఒకింట కన్నడం. హైదరాబాద్ రాజ్యంలో బీదర్, గుల్బర్గా, రాయచూరు కూడా ఉండేవి కాబట్టి అక్కడి నుంచి మా దగ్గరికి పనికి రావడమంటే పరాయి రాజ్యానికి రావడం కాదు. 1956 నవంబరులో రాష్ట్రాలు విడదీసినప్పుడు నాకు పదేళ్లు. పక్కింటి కాకా సొంతూరు రాత్రికి రాత్రే వేరే రాష్ట్రమైందని పెద్దవాళ్లు అనుకుంటుంటే, మరి కాకా ఏమవుతాడోనని భయపడ్డాను.

ఆ కాకాది బీదర్ వైపు పల్లె. లింగాయతులు. ఫ్యాక్టరీలో పాకం వండే దగ్గర పని. ఒకసారి నన్ను లోపలికి తీసుకుపోయి చూపించాడు. పెద్ద పాత్రలో ఉడికే పాకం నుంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పరిచి, పలకను దీపానికి ఏటవాలుగా పట్టేవాడు. నాకేమీ కనిపించలేదు. పలకను ఇంకాస్త వంచాడు. ఇసుక రేణువుల్లా చక్కెర గింజలు తళుక్కుమన్నాయి. “నెత్తి మీంచి పడే వెలుగుకు గింజ దొరకదు తమ్మా, పక్క వెలుగు కావాలె,” అన్నాడు. ఆ మాట ముప్పై ఏళ్ల తర్వాత, చక్కెరతో ఏ సంబంధమూ లేని చోట అక్కరకొచ్చింది. ఆ సంగతి నాలుగో పాఠంలో.

2. మనవాడు అనే ముందు మనకేం తెలుసో చూసుకోవాలి

1981లో శ్రవణబెళగొళ గోమటేశ్వరుడికి వెయ్యేళ్లు నిండిన సందర్భంలో మహామస్తకాభిషేకం జరిగింది. పేపర్ల నిండా అదే. ఆ గోమటుడే బాహుబలి. బాహుబలి ఏలిన పోదనపురం మన బోధనే అని మా వైపు పాత నమ్మకం. ఆ ఊపులో మా ఊళ్లో సభ పెట్టారు. తెలుగు పండితుణ్ణి కదా, నన్ను మాట్లాడమన్నారు. ఆదిపురాణంలో బాహుబలి కథ చెప్పిన పంపకవి గురించి చెప్పాలనుకున్నాను. ఎక్కడెక్కడో చదివిన నాలుగు ముక్కలు పోగేసుకుపోయాను.

వేదికెక్కగానే గొంతు లేచింది. పంపడి పూర్వులది వేంగినాడు, గుంటూరు సీమ వంగిపర్రు. ఆయన ఆస్థానం మన వేములవాడ. కాబట్టి పంపడు మనవాడు, తెలుగువాడు, కన్నడిగులు ఎగరేసుకుపోయారు అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మత్తులో ఇంకో అడుగు వేసి, పంప భారతం, పంప రామాయణం రెండూ రాసిన మహానుభావుడు అనేశాను. దానికీ చప్పట్లే.

వెనక వరసలో కాకా ఉన్నాడు. అప్పటికి రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు. సభ అయ్యాక ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మా అరుగు మీదికొచ్చి, చాయ్ తాగి, నిదానంగా అన్నాడు.

“నిన్న మంచిగ మాట్లాడినవు తమ్మా. పంపడు మీవాడేనా?”

“మనవాడే కాకా. పుట్టు పూర్వోత్తరాలన్నీ...”

“సరే. నీవాడైతే ఒక్క పద్యం చదువు.”

నాకు ఒక్కటీ రాదు. అసలు కన్నడ అక్షరాలే రావు.

“నాకు గూడ రాదు,” అన్నాడు ఆయనే మళ్లీ. “నాకు వచ్చినవి బసవన్న వచనాలు. పంపడిది పాత కన్నడం, నా నోటికి పట్టదు. గని నేను వాన్ని నావాడు అని మైకులో అనలేదు గదా.”

పరువు పోవడమంటే ఏమిటో నాకు తెలిసిన రోజు అది. పైగా వారం తర్వాత తెలిసిందేమిటంటే, పంప రామాయణం మన పంపడిది కానే కాదు. ఆయన తర్వాత దాదాపు నూటయాభై ఏళ్లకు నాగచంద్రుడనే ఇంకో జైన కవి రాసింది. ఆయన అభినవ పంపడని బిరుదు పెట్టుకున్నాడు, ఆ కావ్యానికి పంప రామాయణమని పేరు నిలిచింది. 1882లో ఆ రామాయణాన్నీ, 1898లో పంప భారతాన్నీ అచ్చువేసిందీ ఒక్క దొరే, లూయీ రైస్. అందుకే తికమకపడ్డానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సాకు. చదవకుండా మాట్లాడాను, అంతే సంగతి.

3. ముప్పై అయిదేళ్లకు అక్షరాలు దిద్దడంలో తప్పు లేదు

కాకానే పలక పట్టించాడు. తెలుగు వచ్చినవాడికి కన్నడ అక్షరాలు వారం పని అంటారు. నిజమే, అ ఆలు వారమే. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటే వాళ్లది అడ్డంగా సాగి కొస వంగుతుంది. మిగతాది మొహం తెలిసిన చుట్టం వేరే ఊరి బట్టలు కట్టుకొచ్చినట్టే. కానీ ఆ తెలిసిన మొహమే మోసం చేస్తుంది. తెలుగే కదా అని కన్ను పరుగెత్తుతుంది, అర్థం వెనకబడుతుంది. నేను నాలుగు నెలలు బస్సుల మీద రాతలు, సబ్బు పొట్లాలు, కాకా ఇంటి పంచాంగం చదివాను. పిల్లలు నవ్వారు. నా భార్య ఇంకా ఎక్కువ నవ్వింది.

హళెగన్నడం, అంటే పాత కన్నడం, అసలైన కొండ. గుల్బర్గా నుంచి తెప్పించుకున్న పంప భారతం, పక్కన నిఘంటువు. రోజుకు రెండు పద్యాలు. సెలవు రోజున మూడు. అక్కడే నాకు ఒక పాత చుట్టం దొరికాడు. డ కూ ళ కూ మధ్య పలికే అక్షరం ఒకటి పాత కన్నడంలో ఉంది. మన తొలి తెలుగు శాసనాల్లోనూ ఆ అక్షరం ఉండేది, నన్నయ నాటికే కనుమరుగైంది. తెలుగు పండితుడిగా దాన్ని పుస్తకంలో సూత్రంగా చదివాను గానీ, కావ్యంలో బతికి తిరుగుతుంటే చూసింది పంపడి పుస్తకంలోనే. మన ఇంట్లో పోయిన చెంబు పక్కింటి గూట్లో కనిపించినట్టు అనిపించింది. దొంగిలించారని కాదు, వాళ్లు జాగ్రత్తగా వాడుకుంటున్నారు, మనమే పారేసుకున్నాం.

పంపడు తన కన్నడం పులిగెరె కన్నడమని తానే చెప్పుకున్నాడు. పులిగెరె అంటే ఇప్పటి లక్ష్మేశ్వరం, గదగ్ వైపు. వేములవాడలో కూర్చుని అంత దూరపు ఊరి మాటను కొలతగా పెట్టుకున్నాడు. మనం బోధన్‌లో ఉండి పరీక్ష పేపర్లో గోదావరి జిల్లాల తెలుగు రాయించినట్టా, కాదా? ఈ పోలిక మీద నాకూ ఒక మిత్రుడికీ ఇరవై ఏళ్లుగా తగాదా నడుస్తోంది, ఇక్కడ తేల్చను.

4. రాయి దగ్గరికి పొద్దున పోవాలి

ఇది అన్నిటికంటే పెద్ద పాఠం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

పంపడి గురించి మనకు నమ్మకంగా తెలిసినవాటిలో సగం ఆయన కావ్యాల నుంచి, మిగతా సగం ఆయన తమ్ముడు చెక్కించిన ఒక బండ నుంచి. తమ్ముడి పేరు జినవల్లభుడు. బండ ఉన్నది కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో. 1984 సంక్రాంతి సెలవుల్లో నిజామాబాద్‌లో బస్సెక్కి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా దిగేసరికి మధ్యాహ్నమైంది. గుట్ట ఎక్కాను. జైన తీర్థంకరుల బొమ్మలు, నడుమ చక్రేశ్వరి. బొమ్మల వల్లే గుట్టకు ఆ పేరు. అక్షరాలు ఎక్కడ? బండ మీద ఎండ తెల్లగా కొడుతోంది, గీతలు తప్ప ఏమీ లేవు. కళ్లు చికిలించి, చేత్తో తడిమి, నీళ్లు చల్లి చూశాను. చివరికి చాక్‌పీసు కూడా తీశాను. అక్కడి పశుల కాపరి ఒకాయన “సారూ, రాసుడు ఆపి పొద్దుగాల రాండ్రి, అప్పుడు అవే లేచి కనవడ్తయి,” అన్నాడు.

ఆ రాత్రి గంగాధరలో తెలిసినవాళ్లింట పడుకుని పొద్దు పొడవక ముందే ఎక్కాను. ఎండ గుట్ట అంచు మీంచి ఏటవాలుగా బండ మీదికి పాకింది. అక్షరాల గాళ్లలో నీడ నిండింది. ఒక్కొక్క వరుసా పైకి తేలింది. పాకం పలకను దీపానికి వంచి పట్టుకున్న కాకా గుర్తొచ్చాడు. పక్క వెలుగు కావాలె.

శాసనంలో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, చివర మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. కాలం 10వ శతాబ్ది నడిమి భాగం, అంటే నన్నయ భారతం మొదలు పెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందు. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు మనవాళ్లు ఎత్తి చూపిన రాళ్లలో ఇదీ ఒకటి. కానీ అక్కడ నిలబడి నేను చూసింది వేరు. మూడు భాషలకూ ఒకటే లిపి. అప్పటికి తెలుగు లిపి, కన్నడ లిపి అని రెండు లేవు, వేరుపడింది ఆ తర్వాత శతాబ్దాల్లో. ఎక్కడ కన్నడం ఆగిందో, ఎక్కడ తెలుగు మొదలైందో కంటికి తెలియదు. పైకి చదువుకుంటూ పోవాలి. ఒక చోట నోరు అలవాటైన దారిలో పడుతుంది, ఓహో తెలుగు వచ్చిందని చెవి చెబుతుంది. నా దగ్గర అప్పటికి శాసన పాఠం నకలు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే అన్నీ చదవగలిగేవాణ్ణి కాదని ఒప్పుకోవాలి.

ఇందులో తమ్ముడు అన్న గురించి చెప్పాడు, తల్లి అబ్బణబ్బె గురించి చెప్పాడు, ఆమె అణ్ణిగేరి జోశ్యుడు సింగన మనవరాలని చెప్పాడు. అణ్ణిగేరి కర్ణాటకలో ధార్వాడ దగ్గర. నాయన భీమపయ్య పూర్వులది వేంగినాటి వంగిపర్రని చెప్పాడు. అంటే మైకులో నేను అరిచింది సగం నిజం. తండ్రి వైపు తెలుగు సీమ, తల్లి వైపు కన్నడ సీమ. అన్న కన్నడానికి ఆదికవి, తమ్ముడు తెలుగులో కంద పద్యాలు చెక్కించినవాడు. ఆ ఇంట్లో అన్నం దగ్గర ఏ భాష మాట్లాడుకునేవారో! నాకు తోచింది చెప్తున్నాను, మా షక్కర్‌నగర్ క్వార్టర్లలో లాగా, ఎవరితో ఏది కుదిరితే అది.

5. మోటు ఒక చోట, పిలక ఒక చోట

చెరుకు రైతుకు మొక్క తోట, కార్శి తోట తేడా చెప్పనక్కర్లేదు. మొదటి పంట నరికాక అదే మోటు నుంచి పిలకలొచ్చి రెండో పంటవుతుంది. పంపడి వంశం చూస్తే ఇదే తోస్తుంది. ముత్తాత తండ్రి మాధవ సోమయాజి యజ్ఞాలు చేసిన వైదికుడు. నాలుగో తరంలో భీమపయ్య జైనం తీసుకున్నాడు. పంపడు శ్రవణబెళగొళకు చెందిన దేవేంద్రముని శిష్యుడు. తాత ముత్తాతల యజ్ఞాల పొగ మీద పంపడికి ఒక విసుగు ఉంది గానీ కులం గొప్ప మాత్రం వదులుకోలేదు. బ్రాహ్మణ కులం మంచిదే, దానికి తగిన మతం జైనమే అనుకుని తన తండ్రి మారాడని చెప్పుకున్నాడు. ఇది నాకు అంతగా రుచించదు. పెద్ద కవి కాబట్టి మింగెయ్యాలని లేదు. కన్నడ కవుల రత్నత్రయంలో పంపడి తర్వాత రెండోవాడైన పొన్నకూ వేంగితో ముడి ఉంది. ఆ కాలాన వేంగి నుంచి పడమటికి నడిచిన కవుల దారి ఒకటి ఉండేదన్నమాట.

6. నౌకరీ ఒకరిది, మనసు ఇంకొకరిది కావచ్చు

సర్కారు బడిలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం పాఠం చెప్తూనే మన మాట ఒకటి లోపల దాచుకుని చెప్పడం ఎట్లాగో పంపడి దగ్గర నేర్చుకున్నాను.

పంపడి ప్రభువు వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి. ఈ చాళుక్యులు మొదట బోధన్ సీమలో ఉండి తర్వాత వేములవాడకు రాజధాని మార్చుకున్నవాళ్లు, రాష్ట్రకూటులకు సామంతులు. ఆ వంశంలో బద్దెగ నలభై రెండు యుద్ధాలు గెలిచాడని పేరు. అరికేసరి కూడా తక్కువవాడు కాదు. తన పై ప్రభువైన రాష్ట్రకూట నాలుగో గోవిందుణ్ణే ఎదిరించి, గద్దె దింపించడంలో చెయ్యి వేసినవాడు. అట్లాంటి రాజు కొలువులో పంపడు విక్రమార్జున విజయం, అంటే పంప భారతం, రాశాడు. కథ భారతం, నాయకుడు అర్జునుడు, కానీ అర్జునుడంటే అరికేసరే. రాజు బిరుదులన్నీ అర్జునుడి మెడలో వేశాడు. ద్రౌపదిని అర్జునుడి ఒక్కడి భార్యనే చేశాడు. చివరికి హస్తినలో పట్టాభిషేకం అర్జునుడికి, పట్టమహిషి సుభద్ర. ధర్మరాజు పక్కకు తప్పుకుంటాడు. వ్యాసుడు చూస్తే ఏమనేవాడో గానీ, అరికేసరి సంతోషించి ధర్మపురం అగ్రహారం ఇచ్చాడు. జగిత్యాల దగ్గరి ధర్మపురే అది అని చాలామంది చరిత్రకారుల మాట.

ఇదంతా చూసి పొగడ్తల కవి అనుకుని పుస్తకం మూసేద్దామనుకున్నాను మొదట్లో. మూయనివ్వనిది కర్ణుడు. అర్జునుడి శత్రువు, అంటే రాజుగారి శత్రువు. అయినా పంపడి పలుకు కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. స్నేహం, దానం, ఇచ్చిన మాట, ఇవన్నీ చూపించడానికి కర్ణుణ్ణే తెచ్చుకుంటాడు. జీతం అర్జునుడిది, కన్నీళ్లు కర్ణుడివి. రాజసభలోనే, రాజు వింటుండగానే. అరికేసరి ఏమీ అన్నట్టు లేదు. వినేవాడికి కూడా కొంత పెద్ద మనసు ఉండాలి కదా.

ఇంకొకటి. భారతం లౌకికం, ఆదిపురాణం జినాగమం అని ఆయనే గీత గీసి చెప్పాడు. ఒకటి రాజు కోసం, ఒకటి తన కోసం. ఆదిపురాణం 941లో పూర్తయింది. మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడి కథ, ఆయన కొడుకులు భరత బాహుబలుల కథ. ఒక కావ్యం ఆరు నెలల్లో, ఇంకోటి మూడు నెలల్లో ముగించానని కూడా చెప్పుకున్నాడు. మా కుర్ర కవులు దీన్ని పట్టుకుని, చూశారా సార్ వేగంగా రాయొచ్చు అంటారు. ఆయన పుట్టింది 902లో. మూడు నెలల వెనక ముప్పై తొమ్మిదేళ్లున్నాయి నాయనా.

7. ఎవరు చెప్పారో అది కలిపి చెప్పాలి

బోధన్ పాత ఊరు. ఎంత పాతదంటే ఎవరికి ఏ కథ కావాలంటే ఆ కథ దొరుకుతుంది. అశ్మక రాజధాని పోతన ఇదే అంటారు బౌద్ధ గ్రంథాలు చదివినవాళ్లు. బకాసురుణ్ణి భీముడు చంపిన ఏకచక్రపురం ఇదే అంటారు రాకాసిపేటవాళ్లు, ఊళ్లో చక్రేశ్వరాలయం ఉంది కూడా. రాష్ట్రకూట ఇంద్రుడు కట్టించిన ఇంద్రనారాయణ గుడి ఇక్కడిదే, ఆ స్తంభాల కట్టడమే తర్వాత దేవల్ మసీదయింది. జైనులకు ఇది బాహుబలి పోదనపురం. పోదనపురం మరెక్కడో అనే పండితులూ ఉన్నారు.

పోదనపురం కథల్లో నాకు ఇష్టమైంది ఒక తల్లి కథ. గంగరాజుల మంత్రి చావుండరాయడి తల్లి, పోదనపురంలో భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహం ఉందని విని, అది చూసేదాకా పాలు ముట్టనని పట్టుపట్టిందట. కొడుకు తల్లిని తీసుకుని బయల్దేరి శ్రవణబెళగొళ దాకా వచ్చాడు. అక్కడ కలలో, ఆ విగ్రహాన్ని పాములు కమ్ముకున్నాయి, నువ్వు చేరలేవు, ఇక్కడి నుంచే బాణం వెయ్యి అని మాట వినిపించింది. బాణం తగిలిన కొండ మీద 981 ప్రాంతంలో గోమటేశ్వరుడు నిలబడ్డాడు, యాభై ఏడడుగులు. పోదనపురాన్ని కమ్మిన కుక్కుట సర్పాల సంగతి 12వ శతాబ్దపు బొప్పణ కవి కూడా గోమటేశ్వరుడి శాసనంలో చెప్పాడు. అంటే మన ఊరికి రాలేకపోవడం వల్ల ప్రపంచానికి ఆ విగ్రహం దక్కింది. కథ నిజమైతే మన పాములకు దండం పెట్టాలి.

ఇట్లాంటి కథల మధ్య బతికేవాడికి ఒక అలవాటు కావాలి. నా విద్యార్థులకు మూడు మాటలు నేర్పించాను. ‘రాయి అంటోంది’, ‘కావ్యం అంటోంది’, ‘జనం అంటున్నారు’. ఏ సంగతి చెప్పినా ఈ మూడింటిలో ఒకటి ముందు పెట్టమన్నాను. పంపడి తల్లి పేరు అబ్బణబ్బె, రాయి అంటోంది. బాహుబలి గెలిచి, గెలిచిన రాజ్యాన్ని అన్నకు వదిలేసి తపసుకు పోయాడు, కావ్యం అంటోంది. పంపడు చివరి రోజుల్లో బోధన్ వచ్చి ఇక్కడే దేహం విడిచాడు, ఇదిగో ఆయన సమాధి, జనం అంటున్నారు. ఆ సమాధి రాయి దగ్గర నేనూ దండం పెట్టుకున్నాను, ఒకటికి పదిసార్లు. దండానికి రుజువు అక్కర్లేదు. పరీక్ష పేపర్లో రాసేటప్పుడే కావాలి.

ఒక పిల్లవాడు అడిగాడు, మరి మీరు అంటే ఏం పెట్టాలి సార్ అని. నవ్వాను గానీ మంచి ప్రశ్న.

8. చిన్నది

2008 అక్టోబరు 31న కేంద్రం తెలుగుకూ కన్నడానికీ ప్రాచీన హోదా ఇచ్చింది. ఒకే రోజు. ఫోను మోగింది. తెలుగుకు వచ్చిందని సంతోషంగా చెప్పిన మిత్రుడు కన్నడం సంగతి ఎత్తలేదు. జినవల్లభుడి బండ నవ్వుకుని ఉంటుంది.

9. ఉన్న ఊరు, తలుచుకునే ఊరు వేరు కావచ్చు

పంపడు వేములవాడ అన్నం తిన్నాడు. కానీ భారతంలో అర్జునుడు తీర్థయాత్రలో బనవాసి చేరేసరికి కథ ఆపి, ఆ బనవాసి సీమను తలుచుకుని తలుచుకుని రాస్తాడు. చల్లగాలి తగిలినా, మంచి పాట విన్నా ఆయనకు బనవాసే. కర్ణాటక సర్కారు ఆయన పేర 1987 నుంచి ఇచ్చే పంప ప్రశస్తిని, మొదటిసారి కువెంపు అందుకున్న ఆ బహుమతిని, ఇప్పుడు బనవాసి కదంబోత్సవంలో ఇవ్వడం ఇందుకే. పెట్టిన చెయ్యి ఇక్కడిది, తలపు అక్కడిది. మొదట్లో నాకు కొంచెం కోపమొచ్చింది, దాచను.

కాకాను చూశాక ఆ కోపం పోయింది. నలభై ఏళ్లు షక్కర్‌నగర్‌లో ఉన్నాడు, పిల్లల పెళ్లిళ్లు ఇక్కడే చేశాడు, తెలుగులో తిట్టేవాడు, ఉర్దూలో లెక్కలు వేసేవాడు. చివరి మంచాన పడ్డాక మాత్రం వాళ్లూరి చెరువు గట్టు తప్ప ఇంకో మాట లేదు. ఒకనాడు నేను పంపడి బనవాసి పద్యాలు ఆయన పక్కన కూర్చుని చదివాను. పదకొండేళ్ల తర్వాత బాకీ తీర్చినట్టు. నా ఉచ్చారణ ఎట్లా ఉందో ఏమో, మూడో పద్యం దగ్గర కళ్లు తెరిచి, “ఇప్పుడు అను తమ్మా, నీవాడని,” అన్నాడు.

అనలేదు. గొంతు రాలేదు.

ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. క్వార్టర్లు సగం ఖాళీ. కాకా కొడుకులు హైదరాబాద్ పోయారు. మా వరసలో ఇప్పుడు కన్నడం మాట్లాడే ఇల్లు లేదు.

10. పోయేవాళ్లకు

బొమ్మలగుట్టకు పోయేవాళ్లు ముందురోజే కరీంనగర్ గానీ గంగాధర గానీ చేరుకోండి. ఈ గంగాధరలోనే 959లో సోమదేవసూరి అనే జైన కవి యశస్తిలక చంపువు పూర్తి చేశాడు, కాబట్టి రాత్రి నిద్ర పట్టకపోతే అదైనా తలుచుకోండి. మాఘమాసం మంచిది, ఎండ తక్కువ వాలుతో చాలాసేపు ఉంటుంది. సూర్యుడు లేవక ముందే పైనుండాలి. వేములవాడ భీమేశ్వరాలయం బద్దెగ కట్టించిందే, వీలైతే అదే తిరుగు ప్రయాణంలో కామారెడ్డి దారి పట్టి చూసి రండి. శాసన పాఠం అచ్చులో దొరుకుతుంది, వెంట తీసుకుపోయి బిగ్గరగా చదవండి. కన్నడం వచ్చినవాళ్లు ఒకరుంటే మంచిది.

అక్షరాల గాళ్లలో చాక్‌పీసు రుద్దకండి, పసుపు కుంకుమ పూయకండి, నూనె పొయ్యకండి. నేను ఆ రోజు పెట్టిన రెండు చాక్ గీతలు వానకు పోయి ఉంటాయనే అనుకుంటున్నాను. ఈసారి చలికాలంలో మోకాళ్లు ఒప్పుకుంటే మా మనవరాలితో పోయి చూడాలని ఉంది. అది బెంగళూరులో పుట్టింది, బళ్లో కన్నడం చదువుతోంది. పై వరసలు అది చదువుతుంది, కింది మూడు పద్యాలూ నేను.